ఎవరు పడుకున్న పరుపు

ఇంజను పీకేసిన పాత బస్సును సగానికి కోయించి, ఆ సగానికి ఎద్దులను కట్టాను. అదే మా ఇల్లు, అదే మా అంగడి. ముందు వైపు పైకప్పుకు దూదేకే విల్లు వేలాడేది. వెనక మా పడక. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా ఊరూరా ఆగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాళ్ళం.

"టిక్కెట్టు ఎంత సాయిబూ?" అని రైతులు ఎగతాళి చేసేవారు.

"పరుపు తెచ్చుకుంటే ఊరికే, మామా. పండుకోనే పోవచ్చు," అనేది నా భార్య.

కుట్టు విప్పే ముందు "ఎవురు పండుకున్న పరుపు?" అని అడగడం మా దూదేకులవాళ్ళ ఆనవాయితీ. అమ్మవారు పోసినవాళ్ళ పడకను విప్పకూడదు, కాల్చేయాలి. మశూచిని మా వైపు అట్లాగే అనేవారు.

ముద్దనూరు దగ్గర ఒక పల్లెలో ఒక రైతు పరుపు తెచ్చాడు. నా భార్య అడిగింది.

"మా యమ్మదిలేమ్మా. కొడుకు పెండ్లికి కొత్తగా కుట్టియ్యండి."

విప్పితే దూదిలోంచి ఎండిన వేపాకు రాలింది.

"ఇదేందప్పా?"

"పురుగు పట్టకుండా ఏసినాం."

అట్లా వేసేవాళ్ళూ ఉంటారు. నమ్మి, పరుపు కుట్టి ఇచ్చి కదిలాం.

రెండు వారాలు తిరగకముందే, జమ్మలమడుగు దారిలో నా భార్యకు జ్వరం తగిలింది. తరవాత ముఖమంతా పొక్కులు. నాకు చిన్నప్పుడే పోసి తగ్గింది కాబట్టి చూడగానే తెలిసింది. ఆమెకూ తెలిసింది.

"ఆ పరుపు కాల్చేయమని చెప్పి పంపు మామా. ఆడ పెండ్లి ఉండాది," అంది. ముద్దనూరు వైపు పోతున్న బండివానితో కబురు పంపాను.

ఇంట్లో అమ్మవారు ఉంటే గడపకు వేపమండ కట్టాలి. మా గడప బస్సు తలుపే. కట్టాను. కళ్ళలో కూడా పొక్కులు లేచేసరికి ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఎద్దులను తోలాను. మొదటి ఊరి మొగదలలోనే మండ చూసి జనం కర్రలు అడ్డం పెట్టారు.

"యాడికి తెస్తాండావు దాన్ని? తిప్పు బండి!"

ఒక ముసలాయన మాత్రం దగ్గరికొచ్చి, "ఆకులు పీకేసి పో అబ్బీ, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు.

మండ మీద చెయ్యి వేశాను. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ముట్టద్దు మామా. ఆ పరుపు తెచ్చినాయప్ప మనకు చేసిందే మనం వీళ్ళకు చేస్తామా?"

చెయ్యి తీసేశాను. ఊళ్ళు తప్పించి పెన్న ఇసుకలో దిగాం. చక్రాలు కూరుకుపోతే తవ్వుకుంటూ, ఎద్దులను ఆపుకుంటూ, దగ్గరి దారిని వదిలి చుట్టు దారిన పోయాం. ఆసుపత్రి చేరేసరికి ఇది పగలో రాత్రో అని ఆమె నన్ను అడుగుతోంది.

ప్రాణం దక్కింది. చూపు రాలేదు.

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన తరవాత ప్రొద్దుటూరు సంతలో ఆ బండివాడు కనిపించి పలకరించాడు. ఆమె నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. గొంతు గుర్తుపట్టి, "కబురు చెప్పినావా అబ్బా?" అని అడిగింది.

"చెప్పినా. పెండ్లి శానా బాగా జరిగిందంట. దుడ్లు పోసి కుట్టిచ్చింది యాడ కాలుస్తామన్నారు," అన్నాడతను. వెళ్ళబోతూ, "పరుపు మెత్తగా ఉండాదని మీకు చెప్పమన్నారు," అన్నాడు.