తడిసిన కొబ్బరి చిప్పలు

గోదావరి మీద ఆనకట్ట లేచిన మూడు నాలుగేళ్లకు, అంటే 1850ల నడుమ, మురమళ్ళ రేవులో కాలువ పనులకు తిరిగే స్టీము పడవ మీద నేను స్టోకరుని. బాయిలరు పొయ్యిలో సీమబొగ్గు ఎగదోయడం నా పని. ఆ బొగ్గు ఓడల మీద కోరంగి దాకా రావాలి. ఓడ ఆలస్యమైతే మా పడవ కట్టేసిన గేదెలా రేవులోనే పడి ఉండేది.

అందుకని ఇంజనీరు దొర బొగ్గుకు బదులు ఇంకేదైనా పనికొస్తుందేమో చూడమన్నాడు. కట్టెలు వేశాం, బూడిదే తప్ప సత్తువ లేదు. చివరికి కొబ్బరి చిప్పలు అన్నాడు. కురిడీలు కొట్టి గానుగకు పంపాక మిగిలే చిప్పలు మా వైపు కొల్లలు. తెచ్చేవాడు యోహాను. ఒక ఆసామి దగ్గర పాలేరుగా ఉంటూ కొత్తగా క్రైస్తవంలో కలిశాడు. పరీక్ష నెగ్గితే రోజూ చిప్పలు తెచ్చే పని అతనిది. లేదంటే మళ్లీ ఆ ఆసామి గుమ్మమే గతి.

నాకు మొదటినుంచీ ఆ మనిషి మీద నమ్మకం లేదు. మతం మార్చుకున్నవాడు మాట మార్చడా అనుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మొదటి రోజు దొర దగ్గరుండి చిప్పలు గంపలోంచి తిన్నగా పొయ్యిలో వేయించాడు. స్టీము బలం చూపే గేజి ముల్లు చకచకా లేచింది. తర్వాతి రెండు రోజులూ పరీక్ష నాకే వదిలేశాడు. రెండు రోజులూ ఒకటే పొగ. ముల్లు సగంలోనే ఆగింది. చిప్ప పట్టుకు చూస్తే చెమ్మ. తూకం పెరగాలని నీళ్లు కొట్టి తెస్తున్నాడని దొరకు చెప్పేశాను. మర్నాడు కూడా ఇంతే అయితే మానేద్దామన్నాడు దొర.

మర్నాడు పొద్దున్నే యోహానును నిలదీశాను.

"నీళ్లు ఎందుకు కొట్టావోయ్?"

"నేను కొట్టలేదండి. ఎండబెట్టే తెచ్చేనండి. ఈ పూట పొయ్యి దగ్గర కూర్చోనివ్వండి."

"కూర్చుని ఏం చేస్తావు?"

"తడి ఎక్కడ తగులుతుందో చూస్తానండి."

ఏదో ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. పడవలోకి రానిచ్చాను గానీ అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు. గంపలోకి చెయ్యి పెట్టి కెలికి చూశాను. చిప్పలు పొడిగా గలగలమన్నాయి. పొయ్యి పక్కన గుట్ట పోయించి, పార అందుకునే ముందు చెంబెడు నీళ్లు తీసి గుట్ట మీద చిలకరించాను.

"అదేంటండి అయ్యగారూ?" అన్నాడు యోహాను.

"బొగ్గు దుమ్ము లేవకుండా..." అంటూనే ఆగిపోయాను.

బొగ్గు పొడిని తడిపి వేయడం స్టోకర్ల అలవాటు. పొయ్యిలోకి వెళ్లేది బొగ్గు కాదని నా చేతులకు తట్టనేలేదు. దొర ఉన్న రోజు గుట్ట పోయలేదు గనక తడిపే అవకాశం రాలేదు.

యోహాను వంగి, తడవని చిప్పలు విడిగా ఏరడం మొదలుపెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

దొర వచ్చేసరికి ముల్లు పైనుంది.

"మరి ఆ రెండు రోజులూ తడి ఎక్కడిది?" అని యోహానునే అడిగాడు. యోహాను నా మాట ఎత్తకుండా చిప్పలు ఏరుతూనే ఉన్నాడు. నేను నోరు మూసుకుంటే గడిచిపోయేదే.

"తడిపింది నేనండి," అన్నాను.

అందరి ముందూ చీవాట్లు తిన్నాను. పని యోహానుకు దక్కింది.

సరుకు మీద అనుమానం వస్తే ముందు మీ చేతులు చూసుకోండని తర్వాత వచ్చిన స్టోకర్లకు చెప్పేవాణ్ణి. యోహాను మాత్రం ఎన్నేళ్లు చిప్పలు తెచ్చినా గంప దించి వెళ్లిపోయేవాడు కాదు. పొయ్యి తలుపు వేసేదాకా నా చేతుల వంక చూస్తూ నిలబడేవాడు. ఇక వెళ్లవోయ్ అని నేనెప్పుడూ అనలేకపోయాను.