ఎర్ర కిటికీలో ఆరో నంబరు

నన్ను ఎవరైనా ఫోటో తీయబోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి మనవలకి తెలుసు, అయినా మానరు. "అమ్మమ్మా, ఒక్కసారి ఇటు చూడవే" అంటూ వెంటపడతారు. పోండర్రా అవతలికి, అని కసురుతాను. పెళ్ళిళ్ళలో అందరూ బారులు తీరే వేళకి వంటల దగ్గర ఏదో పని కల్పించుకుంటాను. ముసలిదానికి టెక్కు అనుకుంటారు. అనుకోనీ. ఒకప్పుడు రోజుకో ఫోటోకి నిలబడిన దాన్ని నేను.

ముప్పైల నాటి మాట. మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, ఏలూరులో మిషన్ బంగళాలో చాలా ఏళ్ళు పనిచేసింది. అక్కడి దొరసానికి ఫోటోల పిచ్చి. ఊళ్ళమ్మట తిరిగి తీసేది. వెనకాల పెట్టెలు మోసేది మామ్మ. మోస్తూ మోస్తూనే పనంతా నేర్చేసుకుంది. దొరసాని ఇక తిరిగిరాకుండా తన దేశం వెళ్ళిపోతూ, ఒక నల్లటి డబ్బా కెమెరాని మామ్మ చేతిలో పెట్టి వెళ్ళింది. తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ఫోటోలు తీయడమేమిటని పేటలో బుగ్గలు నొక్కుకున్నారు. "దేవుడు కళ్ళిచ్చింది చూడమనే కదండీ" అనేది మామ్మ. ఆమెతో మాట్లాడి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

ఇంట్లో ఉండేది మామ్మ, అమ్మ, తొమ్మిదేళ్ళ నేను, మూడేళ్ళ తమ్ముడు. నాన్న తాడేపల్లిగూడెం బళ్ళో పంతులు. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు.

రోజూ పొద్దున ఎండ మా ఇంటి మూడో మెట్టు మీదికి వచ్చేసరికి మామ్మ కేకేసేది. "రావే పొటోకి!" జడ సగంలో ఉన్నా సరే, నోట్లో చద్దన్నం ఉన్నా సరే, వెళ్ళి నిలబడాలి. కెమెరాని పొట్టకి ఆనించుకుని, పైనున్న చిన్న అద్దంలోకి వంగి చూసి, మీట నొక్కేది. టిక్ మనేది. అంతే, ఇక బడికి పరుగు.

రోజూ తీసేదన్నానని రోజూ బొమ్మ వచ్చేదనుకోకండి. ఒక రీలుకి ఎనిమిదే బొమ్మలు. ఒకటి అయ్యాక మళ్ళీ కొనడానికి రెండు మూడు నెలలు పట్టేది. మిగతా రోజుల్లో పెట్టె ఖాళీ. ఖాళీ పెట్టెకే నేను నిలబడేదాన్ని. రీలున్నప్పుడే పిలవొచ్చుగా అని ఒకసారి ఎదురు తిరిగాను. "బొమ్మ కోసం కాదే పిచ్చిమొహమా. రోజుకోసారి నిన్ను నిలబెట్టి చూసుకోవాలి నేను. చూడకుండానే పెరిగిపోతారు పిల్లలు" అంది. అలా చూసే ఒకనాడు నా కంటి కింద పసుపుని కనిపెట్టి, పచ్చకామెర్లని అందరికంటే ముందు చెప్పింది.

కెమెరా వెనక గోళీ అంత ఎర్ర కిటికీ ఒకటుండేది. లోపల రీలుంటే అందులో నంబరు కనిపిస్తుంది. మామ్మ చూపు అప్పటికే మసకబారింది. అందుకని నంబరు చూసి చెప్పే పని నాది. ఇది ఉత్త రోజో నిజం రోజో మామ్మకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ గర్వానికి నాకు నేల మీద కాళ్ళు ఆనేవి కావు.

ఆ మెట్ల మీద తమ్ముడు మాత్రం ఎప్పుడూ నిలబడలేదు. నాకూ వాడికీ మధ్య అమ్మకి ఇద్దరు పోయారు. వాళ్ళలో రెండో బిడ్డని మామ్మ మూడో నెలలో ఫోటో తీసింది. తీసిన వారంలోనే ఆ బిడ్డ పోయింది. అమ్మ ఆ బొమ్మని పొయ్యిలో పెట్టేసింది. తమ్ముడు పుట్టాక మామ్మ చేత మాట తీసుకుంది. "అయిదేళ్ళు నిండేదాకా వీణ్ణి ఆ పెట్టెలోకి ఎక్కించకండి అత్తయ్యగారూ. పెట్టెలోకి పోయినవాళ్ళు నాకు దక్కట్లేదండి." నాన్న నవ్వాడు. ఏసయ్య గుడికెళ్ళే వాళ్ళం, మనకివేం నమ్మకాలని. మామ్మ కొడుకుని కసిరింది. "ఇద్దర్ని పూడ్చుకున్న తల్లిరా అది. నవ్వకు" అని మాట ఇచ్చింది.

దాంతో మేం మెట్ల దగ్గరికి వెళ్ళే వేళకి అమ్మ వాణ్ణి చంకనేసుకుని దొడ్లోకి పోయేది. ఉత్త రోజున కూడా ఒప్పుకునేది కాదు. వాడు "నేనూ పొటో, నేనూ పొటో" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. చివరికి వాడికి వాడే ఒక ఉపాయం చేసుకున్నాడు. దొడ్లో ఒక ఇటుకముక్క సంపాదించాడు. దాన్ని పొట్టకి ఆనించుకుని, తలవంచి అందులోకి చూసి, "తిక్" అనేవాడు. కోడికి తీశాడు, బావికి తీశాడు, పప్పు రుబ్బుతున్న అమ్మకి తీశాడు. అమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది. మా ఇంట్లో అమ్మకి ఫోటో తీసింది వాడొక్కడే.

ఆ చలికాలం అందరం మేనత్త వాళ్ళింటికి వెళ్ళాం. కొల్లేటి లంకల్లో ఊరు. ఏలూరు కాలవలో పడవెక్కి, ఆ మీదట తాటిదోనెలో పోవాలి. అమ్మా అత్తయ్యా చేపలు బాగుచేస్తూ కబుర్లలో పడ్డారు. మామ్మ మమ్మల్నిద్దరినీ తీసుకుని రేవుకి వచ్చింది. ఎండ పల్చగా ఉంది. ఒడ్డుకి లాగిన దోనెలో తమ్ముడు ఎక్కి నిలబడ్డాడు. ఎవరో కోసి పడేసిన తామరాకు ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. అందులో మిగిలిన నీళ్ళు మెడమీదికి జారితే కిలకిలా నవ్వాడు.

మామ్మ వాణ్ణే చూస్తూ నిలబడిపోయింది. చేయి సంచిలోకి పోయింది. "నంబరు చెప్పవే" అంది. నేను ఎర్ర కిటికీలోకి చూశాను. ఆరు. మెల్లగా చెవిలో చెప్పాను. అమ్మ చూస్తుందేమోనని వెనక్కి తిరిగాను. టిక్ మంది.

"మీ అమ్మతో అనకు. వాడికి అయిదేళ్ళు నిండాక నేనే చూపిస్తాను. అప్పుడు తిట్టుకోనీ" అంది. తమ్ముడికి జరిగింది తెలిసింది. దోనెలోంచి దూకి మామ్మ కాళ్ళు చుట్టేసుకున్నాడు. వాడు అడిగింది దక్కించుకున్న రోజు అదొక్కటే.

ఏలూరు తిరిగొచ్చాక రీల్లో మిగిలిన రెండు బొమ్మలూ మామ్మ పండక్కని దాచింది. పది రోజులకి వాడికి జ్వరం పట్టుకుంది. మధ్యాహ్నానికి వణుకు, పళ్ళు టకటక కొట్టుకునేవి. తర్వాత ఒళ్ళు పెనంలా కాలేది. ఆసుపత్రి నుంచి క్వినైను తెచ్చి పోస్తే కక్కేసేవాడు. నాన్న సెలవు పెట్టి వచ్చాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అమ్మ మంచం వదల్లేదు. ఒక పొద్దున తలెత్తి ఉన్నట్టుండి అడిగింది.

"అత్తయ్యగారూ, కొల్లేటికెళ్ళినప్పుడు వీణ్ణి గాని పెట్టెలోకి ఎక్కించేరా?"

"లేదమ్మా" అంది మామ్మ. తడి గుడ్డ పిండుతున్న చేయి ఆగింది.

నాకంతా అర్థమైపోయిందనుకున్నాను. వాడు పెట్టెలో ఉన్నాడు. పెట్టెలో గాలి లేదు, చీకటి. అందుకే ఇక్కడ ఇలా అయిపోతున్నాడు. వాణ్ణి బయటికి వదిలితే సరి. తొమ్మిదేళ్ళ బుర్రకి అంతకన్నా తిన్నగా ఏదీ తోచలేదు. ఇప్పటికీ ఆ పిల్లని తిట్టాలో ఎత్తుకోవాలో నాకు తెలియదు.

మామ్మ ఆసుపత్రికి వెళ్ళిన వేళ చూసి, కెమెరా తీసుకుని దొడ్లో బావి వెనక్కి వెళ్ళాను. కొక్కెం తీసి మూత లాగాను. రీలుని ఉండలోంచి మొత్తం లాగి, ఎండలో గడ్డి మీద పరిచాను. దాని మీద బొమ్మలేమీ కనిపించలేదు. అమ్మయ్య, వెళ్ళిపోయాడు, అనుకున్నాను. మళ్ళీ ఎలా వచ్చిందో అలా చుట్టి, లోపల కుక్కి, మూత పెట్టి దాని చోట దాన్ని ఉంచాను.

సాయంత్రానికి జ్వరం దిగిపోయింది! ఒళ్ళంతా చెమట పట్టింది. వాడు లేచి కూచుని అన్నం అడిగాడు. చారన్నం రెండు ముద్దలు తిన్నాడు. మర్నాడంతా ఆడుకున్నాడు. ఇటుకముక్క తెప్పించుకుని మంచం మీంచే నాకు "తిక్" అని ఫోటో తీశాడు. నేనే బతికించాను అని ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపలే పొంగిపోయాను. చలిజ్వరం ఒక రోజు విడిచి ఒక రోజు వస్తుందని నాకేం తెలుసు? మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి ఫిట్సుతో వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన గంట కొట్టే వేళకి వాడు లేడు.

వాణ్ణి పూడ్చిపెట్టాక అమ్మ ఏడవడం మానేసింది. తిండీ మానేసింది. ఇటుకముక్కని ఒళ్ళో పెట్టుకుని కూచునేది. మామ్మ నన్ను మెట్ల మీదికి పిలవడం మానుకుంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అమ్మ లేచి వెళ్ళి మామ్మ ముందు కూలబడింది.

"నిజం చెప్పండి అత్తయ్యగారూ. నా మాట కాదని ఎప్పుడైనా వాణ్ణి తీసేరా? తీసుంటే నేనేమీ అనను. మీ కాళ్ళకి దణ్ణం పెడతానండి. ఒక్కటుంటే చాలండి."

మామ్మ ముఖం వెలిగింది. "ఉందమ్మా. ఉంది. నీకు అబద్ధం చెప్పేను. దోనెలో నిలబెట్టి తీసేను. తామరాకు నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నాడు."

అమ్మ మామ్మ రెండు చేతులూ పట్టుకుని వాటికి మొహం ఆనించి ఏడ్చింది. ఆ రాత్రి అన్నం తిన్నది. తామరాకు ఎంత పెద్దదండీ, ఏ చొక్కా వేసుకున్నాడండీ, పళ్ళు కనిపించేలా నవ్వేడా అండీ, అని అడిగిందే అడుగుతూ తిన్నది. నేను దొంగకి తేలు కుట్టినట్టు గోడకి అంటుకుని కూచున్నాను.

మర్నాడు మామ్మ కెమెరా బయటికి తీసింది. "నంబరు చెప్పవే" అంది. ఎర్ర కిటికీలో ఏమీ లేదు. ఉత్త నల్లకాగితం.

"ఆరు" అన్నాను.

స్టూడియోకి నన్నే తోడు తీసుకెళ్ళింది. నాలుగు రోజులకి రమ్మన్నారు. ఆ నాలుగు రోజులూ అమ్మ తల దువ్వుకుంది. ఇల్లలికింది. బొమ్మ ఏ గోడకి పెట్టాలో నాన్నతో మాట్లాడింది. నాలుగో నాడు స్టూడియో ఆయన నల్లగా ఉన్న రీలుని దీపానికి అడ్డం పెట్టి చూపించాడు. "ఏమీ లేదండి మామ్మగారూ. రీలంతా ఎండలో పరిచినట్టున్నారండి ఎవరో."

మామ్మ నా వైపు చూసింది. కాలవ వంతెన దాకా వచ్చి అక్కడ గట్టు మీద కూచుండిపోయింది. అప్పుడు నేనే చెప్పాను. "వాణ్ణి వదిలేద్దామని తెరిచేను మామ్మా. వదిలేస్తే బతుకుతాడని." మామ్మ కళ్ళు మూసుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టుంటే బాగుండేది. లేచి, నా చేయి పట్టుకుని, "ఇంటికెళ్ళాక నోరిప్పకు" అంది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మామ్మ చేతుల వైపు చూసింది.

"పోయిందమ్మా. నేనే పొరపాటున మూత తెరిచేను. ముసలిదాన్ని, చూపు ఆనక తెరిచేసేను" అంది మామ్మ.

"మీ చేతులతో మీరే చెరిపేసేరా అండీ?" అంది అమ్మ. అంతే అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మామ్మ నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళూ అమ్మ ఆమెకి వేళకి అన్నం పెట్టింది, నీళ్ళు కాచింది, "రండి", "తినండి" తప్ప మాట్లాడలేదు. కెమెరా ట్రంకుపెట్టెలో అడుక్కి పోయింది. ఎండ మూడో మెట్టు మీదికి రోజూ వచ్చేది. మామ్మ ఆ వేళకి అరుగు మీద ఊరికే కూచునేది. అది చూడలేక ఒకరోజు అమ్మకి చెప్పేస్తానని లేచాను. మామ్మ నా రెక్క పట్టుకుని లాగింది. "కూచో. దానికి కొడుకు పోయేడు. కూతురు కూడా పోవాలా?" అంది. నేను కూచున్నాను. ఇన్నేళ్ళూ కూచునే ఉన్నాను.

అమ్మ చాలా కాలం బతికింది. నాతోనే ఉండేది. నా చిన్నప్పటి ఫోటోలు రేకుడబ్బా నిండా ఉన్నాయి, అన్నీ నావే, మెట్ల మీద, జడ సగంలో. ఆఖరి రోజుల్లో ఒకనాడు అవి ముందేసుకుని చూస్తూ, నన్ను పిలిచింది.

"తమ్ముడు నవ్వితే సొట్ట పడేది కదే. ఎడం చెంపకా, కుడి చెంపకా? నాకు గుర్తు రావట్లేదే. నీకు తెలుసుగా."

"ఎడం చెంపకేనమ్మా" అన్నాను.

అమ్మ తలూపి, తృప్తిగా కళ్ళు మూసుకుంది. నాకూ గుర్తు లేదు.