రంగూన్ నుంచి వచ్చిన విడుపు కాగితం

గద్వాల అంగళ్ల మధ్య పెరిగినవాణ్ని, మున్షీని కూడా బేరమాడే పట్టాను. రంగూన్‌లో కాపురం చేసిన మా చెల్లెలికి అక్కడి మా కులపెద్దలు రాసిచ్చిన విడుపు కాగితాన్ని, అంటే విడాకుల పత్రాన్ని, అతడు ఉర్దూలోకి మార్చాడు. ఉర్దూలో నడిచే సర్కారు కచేరీ ఒప్పుకుంటేనే ఆమెకు మారుమనువు.

చెల్లెల్నీ నన్నూ నెలల తరబడి తిప్పాక కచేరీ గుమాస్తా దాన్ని చదివాడు.

"ఏందయ్యా సేటూ, మొగుడు సచ్చిండని రాసినవ్. సచ్చినోడు గీడ ఏలుముద్ర ఎట్లేసిండు?"

అప్పుడు తట్టింది నాకు. "పుస్తె తెంపినాము" అన్న విడాకుల మాటను మొగుడి చావు అనుకున్నాడు మున్షీ!

"తర్జుమా తప్పింది సాబ్, మల్ల రాయిస్త" అన్నాను.

"గట్లనే ఉండనీ అన్నా," అంది చెల్లెలు అలసటగా. "నా లెక్కల సక్కగనే రాసిండు."

మళ్లీ రాయించాం, మనువూ అయింది. రంగూన్‌లో ఏం జరిగిందో మాత్రం నేనెన్నడూ అడగలేదు. ఆ మాటతోనే తెలిసిపోయింది.