ఎర్ర అట్ట

మా స్కూలుకు కంప్యూటర్లొచ్చిన ఏడాది, పాఠం పిల్లలకు అర్థమైందో లేదో ఇకనుంచి వాటి మీదే చూడమన్నారు ప్రిన్సిపాల్ గారు. చూశాను. ఒక్క ప్రశ్న అడిగేసరికి పీరియడ్ అయిపోయింది. కొందరు రంగుల బొమ్మలు గీశారు, మిగతావాళ్లు మౌస్ కోసం కొట్టుకున్నారు. ఇది నాతో అయ్యే పని కాదని ఆయన మొహం మీదే చెప్పేశాను. నేను లెక్కల టీచర్ని, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన గార్డు కూతుర్ని. మాట కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

ఆ ఆదివారమే వ్యాపార్ విహార్ బజారుకు వెళ్లి ఎరుపు, ఆకుపచ్చ అట్టలు కొన్నాను. పోస్టుకార్డంత ముక్కలు కోసి ఎనిమిదో తరగతిలో తలా రెండు పంచాను. పాఠం మధ్యలో నేను ఆగినప్పుడు, అర్థమైతే పచ్చది ఎత్తాలి, కాకపోతే ఎర్రది. మాట లేదు, గోల లేదు, ఒక్క చూపులో తరగతి సంగతంతా తెలిసిపోతుంది.

ఎప్పుడు చూసినా, ఎటు చూసినా పచ్చే. నా అంతటి టీచర్ లేదని మురిసిపోయాను. తీరా యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దితే తల తిరిగిపోయింది. సమీకరణాలు ముక్క రాలేదు ఎవరికీ.

అందరికంటే తక్కువ వచ్చింది మా తెలుగువాళ్లమ్మాయికి. తండ్రి గూడ్సు గార్డు. అప్పటికే ఆ పిల్ల ఒకసారి తప్పింది, ఈసారీ లెక్కల్లో పోతే బడి మాన్పించేస్తానని ఆయన తేల్చి చెప్పేశాడు. అయినా రోజూ అందరికంటే ముందు పచ్చ అట్ట ఎత్తేది తనే. నాకు ఒళ్లు మండి వరండాలోకి పిలిచాను. ఏటమ్మా ఈ అబద్ధం అని అడిగితే చెప్పింది.

“ఎర్రది చూపిస్తే బండి ఆగిపోద్ది కదా మేడమ్. ఎవులాపారని అడుగుతారు.”

నా కోపం అక్కడికక్కడే చల్లారింది. బండి లేటైతే గార్డు సంజాయిషీ రాసుకోవాలి. ఆ రోజు క్వార్టర్లో కంచాల చప్పుడు తప్ప మరోటి వినబడదు. ఆ ఇల్లు నాకు తెలియనిదా? నా తరగతిలో దాదాపు అందరూ అలాంటి ఇళ్ల పిల్లలే. తనవల్ల బండి ఆగిందనిపించుకోకూడదని నెత్తురులోనే ఉంది వాళ్లకి.

మర్నాడు పాఠం మొదలెట్టక ముందే ఆ మాట తీశాను. తరగతికి హిందీలో చెప్పి, ఆ పిల్ల వైపు తిరిగి తెలుగులో మళ్లీ చెప్పాను.

“ఎర్రది చూపించినోడికి సంజాయిషీతో సరిపోద్ది. ఎర్రది చూపించాల్సిన చోట పచ్చది చూపిస్తే బండే పోద్ది. ఇక్కడ సంజాయిషీ కూడా అడగను.”

సమీకరణం బోర్డు మీద రాసి, ఒక అంకెను అటువైపు దాటించి ఆగాను. అప్పుడు కిటికీ పక్క బెంచీలోంచి ఆ పిల్ల ఎర్ర అట్ట లేచింది. దాని వెనకే మరొకటి, ఇంకొకటి, చివరికి తరగతి నిండా ఎరుపే. అచ్ఛా, ఇదా సంగతి అనుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. బోర్డు తుడిచేసి, కూరగాయలవాడి తక్కెడ బొమ్మ గీసి మొదటినుంచి చెప్పాను.

ఆ తర్వాత రోజూ ఆగాం, రోజూ కదిలాం. ఆ పిల్ల అట్ట ఒక్కోసారి గంట కొట్టినా ఎర్రగానే ఉండేది. మధ్యాహ్నం నా అన్నం డబ్బా పక్కన పెట్టుకుని తన బెంచీలోనే కూర్చుని మళ్లీ చెప్పేదాన్ని.

ఏడాది చివర ఫలితాలు చెప్పి, అట్టలన్నీ తిరిగి ఇవ్వమన్నాను. ఆ పిల్ల పచ్చది తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎర్రదేదని అడిగాను.

“తొమ్మిదిలో కావాలి మేడమ్” అంది.