మామ ట్రక్కుకు బేస్ కట్టించిన రోజులు

మా మేనమామ పోయాడన్న కబురు నేను దుకాణంలో ఉండగా వచ్చింది. వికారాబాద్‌లో నాకు చిన్న సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం ఉంది. పొద్దున షట్టర్ ఎత్తి చీపురు పట్టుకున్నానో లేదో, తాండూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ పోయిండే. చాయ్ తాగుకుంట తాగుకుంటనే పక్కకు ఒరిగిండు," అంది. ఎప్పటిలాగే లావు గొంతుతో, నిదానంగా మాట్లాడింది. నేను షట్టర్ దించి, దొరికిన రైలెక్కి వెళ్లిపోయాను.

సమాధి కార్యక్రమం అయిపోయింది. కొన్ని రోజుల తర్వాత జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ మామ మంచితనం గురించి, కష్టం గురించి చెబుతున్నారు. నాకేమో మామ ట్రక్కుకు మేం పెట్టిన బేస్ స్పీకరు, ఆ సబ్‌వూఫర్ తప్ప ఇంకేదీ గుర్తు రావడం లేదు. కూడికలో సబ్‌వూఫర్ గురించి ఎట్లా చెప్పేది? కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మామది దోమ దగ్గర పల్లె. కూలి పని చేసుకునే ఇంట్లో పుట్టి, వయసులో ఉండగానే తాండూరు చేరి, బండలు కోసే మిషన్ ముందు ఏళ్లకేళ్లు నిలబడ్డాడు. ఆ మిషన్ చప్పుడు ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. ముందు సన్నని శబ్దాలు పోయాయి. ఫోను మోత, కుక్కర్ విజిల్, పిట్టల అరుపు, ఆ తర్వాత పిల్లల మాటలు, ఆడవాళ్ల మాటలు. లావు శబ్దాలు మాత్రం మిగిలాయి: ఉరుము, ఇంజను, డప్పు. అందుకే మామతో మాట్లాడీ మాట్లాడీ అత్త గొంతు కిందికి దిగిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెకు జలుబు చేసిందేమో అనుకుని అల్లం చాయ్ తాగమనేవాళ్లు.

ఆ మిగిలిన శబ్దాల్లో డప్పు ఉండడమే ఆయనకు పెద్ద పరీక్ష అయింది. మామ చర్చి బృందంలో డప్పు కొట్టేవాడు. క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు, పిలిస్తే బోనాలకు కూడా వెళ్లేవాడు. డప్పు వినబడుతుంది గానీ పాట వినబడదు. పాట వినబడకపోతే దరువు ఎక్కడ మార్చాలో తెలియదు. ఒక పెళ్లిలో పాట అయిపోయి అందరి డప్పులూ ఆగిపోయాక ఆయన ఒక్కడి కర్ర ఇంకా ఆడుతూనే ఉంది. ఇంటికొచ్చి డప్పును గోడకు తగిలించాడు. మిషన్ పని కూడా మానేసి చిన్న ట్రక్కు కొనుక్కుని, తాండూరు బండల్ని వికారాబాద్‌కు, నవాబుపేటకు చేరవేయడం మొదలుపెట్టాడు. ట్రక్కులో పాటల ప్లేయరు ఉంది, తలుపులకు చిన్న స్పీకర్లు ఉన్నాయి. వాటిని ఎప్పుడూ పెట్టేవాడు కాదు.

"బండ్ల కూసుంటే బాయిల కూసున్నట్టే ఉంటదే," అన్నాడొకసారి నాతో. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒక రోజు మామ వికారాబాద్‌లో బండలు దించి నా దుకాణానికి వచ్చాడు. ఎవరిదో ఇంట్లో పెట్టుకునే బేస్ డబ్బా మరమ్మతు చేసి, పలుకుతుందో లేదో చూద్దామని బల్ల మీద పెట్టి పాట వేశాను. మామ బల్లకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి నిటారుగా అయ్యాడు. వెనక్కి తిరిగి డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏ దరువిది? కొత్తగుంది," అన్నాడు.

పాటలో ఒక్క మాట కూడా ఆయనకు అందలేదు. దరువు మాత్రం పూర్తిగా అందింది. నేను పాట ఆపాను, పెట్టాను, మళ్లీ ఆపాను. ఆపిన ప్రతిసారీ నా వైపు చూశాడు. నా ఒంట్లోకి కరెంటు వచ్చినట్టయింది. "మామా, నీ బండ్ల బేస్ పెడ్తం," అన్నాను, అత్తలా గొంతు లావు చేసి.

ఇక చూడాలి మా హడావుడి. వచ్చే పోయే ట్రిప్పుల్లో తాండూరులో, వికారాబాద్‌లో కనబడిన ప్రతి కారు డెకరేషన్ దుకాణం ఎక్కి దిగాం. మామకు పెద్దది కావాలి. పన్నెండు అంగుళాల డబ్బా, ముందు నీలి లైట్లు, పైన బంగారు రంగులో ఇంత లావు వాట్ల అంకె. తాండూరు దుకాణం భాయ్ కూడా దాన్నే తుడిచి తుడిచి చూపించాడు.

నేను డబ్బా తిప్పి వెనక చిన్నక్షరాలు చూపించాను. ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న అంకె ముందున్న దానిలో పిసరంత. "మామా, ముందటి అంకె పందెంల ఒక్కసారి ఎత్తే గుండు. ఎనకటిది పొద్దంత మోసే బండ. నువ్వు ఏది సూసి హమాలీని పెట్టుకుంటవ్?"

మామకు వెంటనే తెలిసిపోయింది. భాయ్ వైపు తిరిగి, "గీ బంగారు అంకె చెరిపేసి అమ్ము భాయ్," అన్నాడు.

అసలు చిక్కు చోటుది. ఆ ట్రక్కులో ఇంజను సీటు కిందే ఉంటుంది. సీటు కింద పట్టే పలచటి సబ్‌వూఫర్లు దొరుకుతాయి గానీ అక్కడ పెడితే వేడికి ఉడికిపోతాయి. మిగిలింది సీటు వెనక జానెడు సందు. అందులోకి లోతు తక్కువ ఉన్న ఎనిమిది అంగుళాలదే పడుతుంది. దానికి బలమిచ్చేందుకు దాని ఆర్‌ఎంఎస్‌కు సరిపడే ఒకే చానెల్ యాంప్లిఫయర్ చాలు. దాన్ని ఇంజనుకు దూరంగా, ఎడమ సీటు కాళ్ల దగ్గర పక్క గోడకు బిగించాలి. వేడెక్కకూడదు అన్నానో లేదో మామ అడ్డం పడ్డాడు.

"డప్పును మంట మీద కాపితెనే గద పలుకుతది?"

"ఇది కాగితే మూగవడ్తది మామా."

"గట్లైతె దీనికి మన అలవాట్లు లేవు," అని తల ఊపాడు.

చివరికి మూడు డబ్బాలు వరుసగా పెట్టించి విన్నాం. విన్నది నేను. మామ చెప్పులు విడిచి, గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడి, డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మొదటిది గాలి గొట్టం ఉన్న పన్నెండు అంగుళాల డబ్బా. దుకాణం అద్దాలు గజగజలాడాయి. మామ మొహం చిట్లించాడు. "కొట్టినంక గూడ మూలుగుతనే ఉంది," అన్నాడు. రెండోదీ అంతే. మూడోది ఎనిమిది అంగుళాలది, అన్ని వైపులా మూసిన డబ్బా. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"గిది ఆగుతది. దెబ్బ కొట్టుడు అందరికొస్తది బిడ్డా, ఆపుడు రావాలె."

భాయ్ చిన్నబుచ్చుకున్నాడు. "ట్రక్‌కు గిది బొమ్మ లెక్కుంటది చాచా," అన్నాడు. మామకు ఆ మాట వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో. నీలి లైట్లు వద్దన్నాం. అక్కడ మిగిలిన డబ్బు మంచి రాగి తీగకు, బ్యాటరీ పక్కనే పెట్టే ఫ్యూజుకు పెట్టాం. తక్కువలో బేస్ కట్టించుకునేవాళ్లకు ఈరోజుకీ నేను చెప్పేది ఇదే: మెరుపులు మానుకోండి, తీగ దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి.

కొన్నది స్పీకరు మాత్రమే, డబ్బా సందుకు సరిపోయేలా మనమే చేయించుకోవాలి. నేను సీటు వెనక టేపు పెట్టి కొలిచి, పొడవు, ఎత్తు, లోతు మామకు చెప్పి వికారాబాద్ వచ్చేశాను. చెక్కతో చేయించమని చెప్పలేదు. అది కూడా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి వాకిట్లో టార్పాలిన్ కింద ఏదో ఉంది. మామ పెళ్లికొడుకులా నిలబడి టార్పాలిన్ లాగాడు. తాండూరు బండతో చేసిన సబ్‌వూఫర్ డబ్బా. తాను పనిచేసిన పాత బండల యూనిట్‌కు వెళ్లి తానే పలకలు కోసి, మూలలు కలిపి, బండలు అతికించే జిగురుతో అతికించి, మధ్యలో గుండ్రంగా రంధ్రం తీసి, పైన పాలిష్ కూడా పట్టించాడు. అందులో మొహం కనబడుతోంది.

"చెక్క వానకు ఉబ్బుతది, ఎండకు ఇచ్చుకపోతది. రాయి ఏమైతది?"

రాయికేమీ కాదు. ట్రక్కుకు అవుతుంది. ఇద్దరు మనుషులు మోసుకొస్తే గానీ అది వాకిట్లోకి రాలేదట. పైగా నేను చెప్పిన కొలతల్ని మామ లోపలి కొలతలుగా పట్టుకుని రాతి మందాన్ని బయటకు వేశాడు. సందులోకి దాని మూల కూడా దూరదు. నేను నవ్వడం మొదలుపెట్టి అక్కడే కూలబడ్డాను. అత్త తలుపు దగ్గర నిలబడి, "ఇగ దాన్ని ట్రక్కుల పెట్టుడు గాదు, ట్రక్కునే దాన్ల పెట్టుండ్రి," అంది.

మామ ఆ పాలిష్‌ను అరచేత్తో ఒకసారి తుడిచాడు. తర్వాత, "అయినా జర మోగించి సూద్దామే," అన్నాడు. ట్రక్కును దగ్గరికి తెచ్చి, బ్యాటరీ నుంచి తీగ లాగి, సబ్‌వూఫర్‌ను రాతి డబ్బాలో బిగించాం. ఎన్నో రకాల డబ్బాలు విన్నదాన్ని, నిజం చెబుతున్నాను, అంత శుభ్రమైన బేస్ నేను ఇంతవరకు వినలేదు. దెబ్బ పడిన చోటే ఆగింది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. మామ వాకిలంతా ఉత్త కాళ్లతో తిరిగి ఎక్కడెక్కడ అదురుతుందో చూశాడు. ట్రక్కుకు మర్నాడు ప్లైవుడ్ డబ్బా చేయించాం. రాతి డబ్బా వాకిట్లోనే ఉండిపోయింది. అత్త దాని మీద కూర్చుని కందిపప్పు ఏరుకునేది.

అంతా బిగించాక మొదటి ట్రిప్పుకు నేనూ ఎక్కాను. వెనక బండల లోడు. ప్లేయరుకు పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులో ఒక పాత క్రిస్మస్ పాట ఉంది. మామ చెవులు బాగున్న రోజుల్లో చర్చి బృందం పాడుతుంటే ఎవరో ఫోన్లో రికార్డు చేసిన పాట. డప్పు మరీ లోతు శబ్దం కాదు కాబట్టి అది కూడా సబ్‌వూఫర్‌లోకి వచ్చేలా యాంప్లిఫయర్ ఫిల్టర్ కొంచెం పైకి తిప్పి పెట్టాను. పాట మొదలైంది. మామ మొహంలో ఏమీ లేదు. శబ్దం పెంచాను. అయినా ఏమీ లేదు. స్టీరింగ్ పట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. ఇన్ని దుకాణాలు తిప్పి, ఇంత ఆశ పెట్టి, ఆయన్ని మళ్లీ బావిలోనే కూర్చోబెట్టానా అనుకున్నాను.

పెద్దేముల్ దాటాక మామ ట్రక్కును పక్కకు తీసి ఇంజను ఆపాడు.

అప్పుడర్థమైంది. సీటు కింద ఇంజను కూడా లావుగానే మూలుగుతుంది. డప్పును అది మింగేస్తోంది. ఇంజను ఆగగానే డప్పు ఒక్కసారిగా క్యాబిన్ అంతా నిండింది. మామ వీపును సీటుకు పూర్తిగా ఆనించాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"గిది నేనే," అన్నాడు. "గీ దెబ్బ నాది. ఎడమ చెయ్యి జర ఆలస్యంగ పడ్తది సూడు. మా గురువు గందుకే తిడుతుండె."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాటను ఎన్నిసార్లు వేయించుకున్నాడో లెక్కలేదు. బండలు కావలసినవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆయనకు వినబడదు, నేను ఎత్తలేదు.

ఆ తర్వాత సీటు కింద రబ్బరు మందంగా వేయించాం. బండి నడిచేటప్పుడు కూడా దరువు కొంత తెలిసేది. అసలు వినికిడి మాత్రం బండి ఆపినప్పుడే. సాయంత్రాలు ట్రక్కులో కూర్చుని బృందం కొత్త పాటల్ని వీపుతో నేర్చుకునేవాడు. దరువు ఎక్కడ మారుతుందో, ఎక్కడ ఆగుతుందో ఒంటికి పట్టించుకున్నాడు. ఆ క్రిస్మస్‌కు డప్పు గోడ దిగింది. పాడేవాళ్ల నోళ్లు చూస్తూ, వాళ్లకు ఎదురుగా నిలబడి కొట్టాడు. పాట ఆగిన చోట ఆయన కర్రా ఆగింది. అప్పుడు నా వైపు చూసిన చూపు నా దగ్గర భద్రంగా ఉంది.

బృందం వాళ్లే డప్పులతో మామను సాగనంపారు.

ఆదరణ కూడిక అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, అత్త ట్రక్కు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యే. బ్యాటరీ దిగిపోతది," అంది. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. కాసేపు ఇంజను నడిపి ఆపాను. అత్త ప్లేయరు వైపు చూపించింది. పాట పెట్టాను. ఇన్ని రోజులు ఎవరూ ముట్టుకోక డాష్‌బోర్డు మీద తెల్లటి రాతి పొడి పరుచుకుని ఉంది. మామ ఉంటే ఉండనిచ్చేవాడు కాదు. దెబ్బ దెబ్బకూ ఆ పొడి లేస్తోంది, పడుతోంది. అత్త తుడవబోయి కొంగు చేతిలోకి తీసుకుంది. తుడవలేదు. పాట అయిపోయేదాకా కొంగు అట్లాగే పట్టుకుని, ఎగిరే పొడిని చూస్తూ కూర్చుంది.