సాంచెల మధ్య మాట

నా భార్య గొంతులో గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేయాల్సి వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. "జాన్ బచ్ గయీ" అన్నాడాయన. ప్రాణం దక్కింది, మాట పోయింది. నేను తల ఊపి క్యాంటీన్ ఎక్కడుందని అడిగాను. పక్కనున్న నా కూతురు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఏం చేయను, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

సచిన్ అనే ఊరికి వలసొచ్చి, ఇక్కడొక కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా సాంచెలు నడుపుతున్నాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. మనిషికి పన్నెండు. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు. అందుకని మేమెవరమూ అక్కడ గొంతు వాడం. ఉత్త పెదవులు కదుపుతాం, ఎదుటివాడు మొహం చూసి అర్థం చేసుకుంటాడు. రెండు వరుసల అవతల ఉన్నవాడితో కూడా ఇంటి గొడవలన్నీ చెప్పుకోవచ్చు. కొత్తగా చేరినవాడు నెల రోజులు వెర్రిమొహం వేసుకుని తిరిగి ఆ తర్వాత తనే నేర్చుకుంటాడు. ఇదొక విద్య అని మాలో ఎవరమూ అనుకోలేదు. చెవులు ఎలాగూ సగం పోతాయి కాబట్టి ఇంటికొచ్చాక మాత్రం అందరం అరుస్తాం. మా గల్లీలో మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారేమో అని ఎవరైనా అనుకుంటే, కాదు, కూరలో ఉప్పు తక్కువైందని మాట్లాడుకుంటున్నారు, అంతే.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక చుట్టాలొచ్చారు. "బతికింది గదా, గదే చాలు" అన్నారు. నేనూ అదే అన్నాను, వచ్చిన ప్రతి ఒక్కరితో. అంటున్నంతసేపూ వేరే ఎవరి భార్య గురించో చెబుతున్నట్టుండేది. దుఃఖం రాలేదు, సంతోషమూ రాలేదు. డ్యూటీకి పోయేవాణ్ణి, వచ్చేవాణ్ణి, తినేవాణ్ణి.

నా కూతురు పలక కొనుక్కొచ్చింది. వాళ్లమ్మ చదివింది రెండో తరగతి. ఒక్క మాట రాయడానికి అంతసేపు పట్టేసరికి ఆమెకే విసుగొచ్చి పలకను పొయ్యి గట్టు మీద పెట్టేసింది. మొదటి రెండు వారాలు పెదవులతో ఏదో చెప్పాలని చూసింది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి "అన్నం తింటవా?" అని గట్టిగా అరిచేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకునేది.

"అమ్మకు చెవులు మంచిగనే ఉన్నయి బాపూ, ఎందుకు ఒర్రుతున్నవ్?" అంది నా కూతురు ఒకరోజు.

నిజమే. పోయింది ఆమె గొంతు, నేను అరుస్తున్నది ఆమె చెవిలో. అరవడం మానేశాను. దానికి బదులు ఏం చేశానంటే, గోడ వైపో టీవీ వైపో చూస్తూ మాట్లాడాను. ఆమె మెడ మీద ఊపిరి కోసం చేసిన రంధ్రం ఉంది. దాని మీద పల్చటి తెల్లగుడ్డ కప్పుకునేది. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గుడ్డ కదిలేది. నేను దాన్ని చూడలేకపోయాను. దాన్ని చూడకూడదని మొత్తం మొహాన్నే చూడ్డం మానేశాను.

మూడో వారానికి ఆమె పెదవులు కదపడం ఆపేసింది. ఏదన్నా కావాలంటే చెంచాతో స్టీలు ప్లేటు మీద కొట్టేది. నేను పోయి నీళ్లా, గోలీయా, ఫ్యానా అని ఒక్కొక్కటే అడిగేవాణ్ణి. ఆమె తల ఊపేది. ఇంట్లో అంతా సర్దుకుందనుకున్నాను. నాకైతే హాయిగానే ఉండేది, ఇప్పుడు దాచి ఏం లాభం.

అట్లా రెండు నెలలు గడిచాక, ఒక సెలవు రోజు మధ్యాహ్నం నా పక్క సాంచెలు నడిపే అతను చూడ్డానికి వచ్చాడు. నేను ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ తన పన్నెండుతో పాటు నావి కూడా చూసుకున్న మనిషి. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. సంచీలో చీకూలు, అవే సపోటాలు, తెచ్చాడు. ఆమెకు ఎదురుగా కింద కూచుని, మొహంలోకి చూస్తూ "ఎట్లున్నవ్ వదినె?" అన్నాడు. గొంతు తీయలేదు. ఉత్త పెదవులతోనే. మనిషి గొంతు వినబడని చోట అతనికి అలవాటైన పద్ధతి అదే.

నేను పొయ్యి దగ్గర చాయ్ పెడుతున్నాను. ఆమెకు మొదట అందలేదు, అతను అదే మాట నిదానంగా మళ్లీ అన్నాడు. తర్వాత పెదవులు కదిపింది. అతను తల ఊపి ఏదో అన్నాడు. ఆమె మళ్లీ ఏదో చెప్పింది. ఇంట్లో చడీచప్పుడు లేదు. ఇద్దరూ అట్లా మాట్లాడుకుంటూనే ఉన్నారు, చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయేదాకా. ఒక దగ్గర ఆమె నవ్వింది. భుజాలు ఊగాయి, మెడ మీద గుడ్డ టపటపలాడింది.

ఆ నవ్వు చూసి నేను సంతోషించానని రాస్తే బాగుంటుంది. నాకు కోపమొచ్చింది. నా ఇంట్లో కూచుని నా పెళ్లాన్ని నవ్వించడానికి వీడెవడు అనుకున్నాను. రెండు నెలల్లో మొదటిసారి నాకేదో అనిపిస్తే అది ఇది. తర్వాత చాలా సిగ్గుపడ్డాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, కార్ఖానాలో ఎవరితోనైనా చేసే పని, నా ఇంట్లో చేయొచ్చని నాకు తట్టనే లేదు. ఇంట్లో ఆమె మాట ఎప్పుడూ నా వీపుకే వినబడేది. ఆమె పొయ్యి దగ్గర నుంచి మాట్లాడేది, నేను టీవీ చూస్తూ ఊ కొట్టేవాణ్ణి.

అతన్ని మెట్లదాకా సాగనంపుతూ "ఏమన్నది?" అని అడిగాను.

"నన్నెందుకు అడుగుతున్నవ్ అన్నా? ఇంట్లనే ఉన్నది గదా." రెండు మెట్లు దిగి ఆగాడు. "నీ గురించే అడిగింది. 'నా మొకం దిక్కు చూస్తనే లేడు, నన్ను చూస్తే అసయ్యమైతుందా ఏంది' అన్నది. నేనేం చెప్పాలె? నాకు తెల్వదని చెప్పిన."

లోపలికొచ్చాను. ఆమె చీకూ తొక్క తీస్తోంది. అతను కూచున్న చోటే ఎదురుగా కూచున్నాను. నీళ్లు కావాలా అని అడగడానికి వచ్చాననుకుందేమో, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది. నేను లేవలేదు. ముందు ఆ తెల్లగుడ్డను చూశాను. అది కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. తర్వాత మొహం చూశాను. చాలా చిక్కిపోయింది.

గొంతు తీయకుండా, మెల్లగా అన్నాను. "అసయ్యం కాదు. భయమైంది."

ఆమెకు అర్థం కాలేదు. ఆమెకు నా పెదవులు చూసే అలవాటు ఎక్కడిది? మళ్లీ అన్నాను. ఈసారి చేతిలో చీకూ కింద పెట్టి నా నోటి వంకే చాలాసేపు చూసింది. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. ఒక్కొక్క మాటా విడివిడిగా అంది.

"నాకు గూడ భయమైంది. ఒక్కలన్న అడిగిన్రా?"