"ఇంకా నేర్చుకుంటున్నాను"

ఎనభయ్యో దశకం మొదట్లో నంద్యాల ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడే పనిలో శిక్షణ పొందుతున్నాను. వారం వారం మా డాక్టరుగారి వెంట ఆళ్లగడ్డలో పెట్టే వైద్య శిబిరానికి వెళ్లేదాన్ని. "నేనింకా నేర్చుకుంటున్నాను, డాక్టరుగారు పక్కనే ఉంటారు" అని ప్రతి రోగికీ ముందే చెప్పాలన్నది మాకు పెట్టిన నిబంధన.

ఒకరోజు పెద్ద వయసు రైతు ఒకాయన వచ్చాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి నిద్ర లేదట. నేను నా మాట అప్పజెప్పగానే ఆయన దిగ్గున లేచాడు.

"నేర్చుకునేదానికి నా తలకాయే దొరికిందా పాపా?"

వరండాలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గడప దాకా పోయిన ఆయన మళ్లీ వెనక్కి వచ్చాడు.

"మంత్రమేసినోడు అన్నీ తెలుసన్యాడు. సూదేసినోడూ అన్నీ తెలుసన్యాడు. ఇంకా నేర్చుకుంటాండానన్నది నువ్వొక్కదానివే. కూర్చుంటా, ఇను."

తాను ఎద్దులు తోలితే తమ్ముడు వెనకే విత్తనం వేసేవాడట. ఇప్పుడు చేలో వెనక్కి తిరిగి చూడాలంటే భయమట. చెప్పి చెప్పి ఏడ్చాడు. డాక్టరుగారు మూలన కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

ఆ తర్వాత తరచూ వచ్చేవాడు. నిద్ర పడుతోందనేవాడు. చివరికి నాకు సర్టిఫికెట్ వచ్చింది. నేర్చుకుంటున్నానని ఇక చెప్పనక్కర్లేదని ఆయనతో సంబరంగా అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అట్లయితే ఇంగ మేం చెప్పేది ఇనవా పాపా?"

వింటానని మాటిచ్చాను. రిటైరయ్యేదాకా కొత్త మనిషి ఎవరొచ్చి కూర్చున్నా, ముందు ఆ ప్రశ్నే నా చెవిన పడేది.